ఇరవై నిమిషాల మూడించుల నీళ్ళు

"ఇక మీదట మన మండలంలో నీళ్ళు చూడకుండా ఒక్క సెంటు భూమి కూడా చేతులు మారదు. ఇది నా మాట కాదు, భూమాత మాట!" అని నరేంద్రగారు బస్టాండు ముందర మైకులో ప్రకటించినప్పుడు పొద్దున పదకొండు గంటలైంది. ఎండ నలభై ఒక్క డిగ్రీలు. వేదిక మీద షామియానా ఉంది, జనం మీద లేదు. అయినా ఒక్కరంటే ఒక్కరు కదల్లేదు. అందుకు కారణం నరేంద్రగారి వాగ్ధాటి అని నేను పేపరుకు రాశాను. సభ అయిపోయాక తలా రెండు నీళ్ళ ప్యాకెట్లు ఇస్తామని ముందే చెప్పారన్న సంగతి రాయలేదు. రాసినా మా సబ్ ఎడిటరు కొట్టేస్తాడు. ఆ మనిషికి విశేషణాలంటేనే గిట్టదు, వివరాలంటే అసలే గిట్టదు.

మా మండలం పేరు చెప్పను. చెబితే అటు తనకల్లు వాళ్ళు, ఇటు గోరంట్ల వాళ్ళు తమకిలాంటి నాయకుడు లేడే అని కుళ్ళుకుంటారు. నేను తహసీల్దారు ఆఫీసు ఎదురుగా జెరాక్సు అంగడి నడుపుతాను. కరెంటు లేని వేళల్లో ఒక దినపత్రికకు విలేకరిని. మా వైపు కరెంటు సంగతి తెలిసినవాళ్ళకు నా అసలు వృత్తి ఏదో వేరే చెప్పక్కర్లేదు.

నరేంద్రగారు ముప్పై ఏళ్ళుగా పార్టీకి సేవ చేస్తున్నారు. ఆ సేవకు మెచ్చి మంత్రిగారు ఆయన్ను మండల భూగర్భ జల లభ్యత నిర్ధారణ కమిటీకి అధ్యక్షుణ్ణి చేశారు. కమిటీకి ఆఫీసు లేదు, కుర్చీ లేదు, రెండో సభ్యుడు లేడు. లెటర్‌హెడ్డు మాత్రం ఉంది. దాన్ని తయారు చేసింది నేనే. పైన ఏం బొమ్మ వెయ్యమంటారని అడిగాను.

"జలపాతం ఎయ్యప్పా."

"మన మండలంలో జలపాతం యాడుందన్నా?"

"లేదు గాబట్టే గదప్పా కమిటీ ఏసింది!"

ఇలా ఆలోచించగలిగినవాళ్ళు మా దగ్గర జెరాక్సు అంగళ్ళు పెట్టుకోరు, నాయకులవుతారు.

కమిటీ ఎందుకు పుట్టిందో కూడా చెప్పాలి. బెంగుళూరు నుంచి శని ఆదివారాల్లో కార్లేసుకుని వచ్చేవాళ్ళు మా రాళ్ళ గుట్టలు చూసి "వావ్" అంటారు, సోమవారం భూమి కొంటారు, మంగళవారం బోరు బండిని పిలుస్తారు. బుధవారం బోరులోంచి పొడి లేస్తుంది. గురువారం నుంచి ఊళ్ళో ప్రతివాణ్ణీ తిడతారు. ఈ తిట్లు మంత్రిగారి దాకా పోయాయి. అందుకని కొనకముందే శాస్త్రీయంగా పరిశోధించి, నీళ్ళున్నాయని రాసిచ్చి, ఆ తర్వాతే అమ్మే పద్ధతి వచ్చింది.

మొదటి దరఖాస్తు ధర్మవరం నుంచి వచ్చింది. ఆమె పేరు చంద్రిక. నలభై రెండేళ్ళుంటాయి. పట్టుపోగులకు కోసుకుపోయి వేళ్ళ చివర్లు గట్టిపడి ఉన్నాయి. నా అంగడి ముందర నిలబడి, "అన్నా, నీళ్ళ సర్టిఫికెట్టు ఇచ్చేది యాడన్నా?" అనింది.

"ఇక్కడే. దరఖాస్తు రాసేదీ నేనే. ఏం పనమ్మా?"

"మా ఆయన గుంత మగ్గంలో కాళ్ళు పెట్టి పాతికేండ్లు నేసినాడన్నా. మోకాళ్ళు పోయినాయి. మగ్గమూ అమ్మినాము, ఇల్లూ అమ్మినాము. ఆ దుడ్లతో మూడెకరాలు కొని మల్బరీ పెట్టుకోని పట్టుపురుగులు మేపుకుందామని. నీళ్ళు పడితే బతుకుతాము. పడకపోతే ఇద్దరమూ బెంగుళూరికి పోయి ఎవురి గేటు కాడనో వాచ్‌మెన్ కుర్చీలో కూచోవాల్సిందే. ఇంగ అమ్మేదానికి ఏమీ లేదన్నా మాకాడ. నీళ్ళుండాయా లేదా, అదొక్కటి చెప్పండి చాలు."

అదొక్కటి చెప్పడానికే కదా కమిటీ! నరేంద్రగారికి ఫోను చేశాను. పది నిమిషాల్లో ఇన్నోవాలో వచ్చారు. బండమీదపల్లిలో ఆయన భార్య పేరున మూడెకరాలుంది, బోరు కూడా ఉంది, కావాలంటే దాన్నే పరిశోధించి ఇస్తానన్నారు. చంద్రిక దగ్గర అడ్వాన్సు కూడా అక్కడికక్కడే తీసుకున్నారు. తన సొంత భూమినే మొదట పరీక్షకు పెట్టిన నాయకుణ్ణి నేనింతవరకు చూడలేదు. అయినా విలేకరిని కదా, ఒక మాట అడిగాను.

"అన్నా, సర్టిఫికెట్ ఇచ్చేదీ మీరే, అమ్మేదీ మీరే అంటే జనం ఏమన్నా అనుకుంటారేమో."

"ఏమప్పా, నా భూమి సంగతి నాకంటే బాగ ఎవునికి తెలుసు? తెలియనోడు రాసిస్తే అది మోసం గాదా?"

నాకు సిగ్గేసింది. అడగకుండా ఉండాల్సింది.

పరిశోధన మూడు దశల్లో జరిగింది. మొదటి దశలో జియాలజీ ఆఫీసరు వచ్చి నేలలో నాలుగు ఇనుప కమ్ములు దిగ్గొట్టి, వైర్లు తగిలించి, మిషను ముందర గంటసేపు కూర్చున్నాడు. నరేంద్రగారు ఆయనకు ఎండ తగలకుండా గొడుగు పట్టించి, మధ్యాహ్నానికి నాటుకోడి తెప్పించారు. భోజనమయ్యాక ఆఫీసరు ఇలా రాశాడు: "సదరు భూమియందు నీరు ఉండుటకు అవకాశము లేకపోలేదు." ఆ వాక్యాన్ని నేను నాలుగుసార్లు చదివాను. ఎటువైపు నుంచి చదివినా ఆఫీసరుకు ఇబ్బంది లేకుండా ఉంది.

రెండో దశ టెంకాయది. మా వైపు అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని పొలమంతా తిరుగుతారు. నీళ్ళున్న చోట అది నిటారుగా లేచి నిలబడుతుంది. ఈ విద్యలో యేసన్న పేరు మోసినవాడు. ఎండలో గంట తిరిగినా అతని టెంకాయ లేవలేదు. చివరికి నరేంద్రగారు ఇన్నోవా నిలిపిన చోటికి వచ్చి, డోరు నీడలో నిలబడ్డాక టక్కున లేచింది.

"ఏం యేసన్నా, నీ టెంకాయ నీడ చూసుకోని లేస్తాదా?" అన్నాను.

"పొద్దున్నించి తిప్పితే అదీ అలిసిపోతాది కదన్నా" అన్నాడు యేసన్న నిజాయితీగా.

మూడో దశ రక్తపరీక్ష. ఓ పాజిటివ్ రక్తం ఉన్నవాళ్ళ చేతిలోనే టెంకాయ నిజం చెబుతుందని మా జిల్లాలో అందరికీ తెలుసు. కానీ అందరికీ తెలిసినదాన్ని కాగితం మీద పెట్టినవాడు నరేంద్రగారొక్కరే. యేసన్నను ల్యాబుకు పంపి, ఓ పాజిటివ్ అని రిపోర్టు తెప్పించి, సర్టిఫికెట్‌కు జత చేశారు. సైన్సంటే ఇది.

ఈ మూడు రోజులూ చంద్రిక ఊరికే కూర్చోలేదు. బండమీదపల్లిలో బయమ్మ అనే ముసలామె ఇంటి అరుగు మీద దిగింది. మొదటి రోజు తాగడానికి నీళ్ళడిగితే బయమ్మ అరగ్లాసు ఇచ్చి, "నిండుగ ఇయ్యలేదని ఏమనుకోవద్దు తల్లీ. ట్యాంకరు రేపొస్తాది" అనిందట. ఆ మాటతోనే చంద్రికకు అనుమానం పట్టుకుంది. పెద్ద చదువులు లేనివాళ్ళతో ఇదే చిక్కు, దేన్నిబట్టి ఏం తేలుస్తారో తెలియదు.

మరునాటి నుంచి ఊరిచుట్టూ ఉన్న బోర్లన్నీ తిరగడం మొదలుపెట్టింది. కేసింగు పైపు మీది మూత తీసేది, ఒక చిన్న రాయి లోపలికి వదిలేది, పైపుకు చెవి ఆనించి వినేది. నరేంద్రగారి బోరు కాడ నేను కూడా పక్కనే ఉన్నాను.

"ఏం వినిపించిందమ్మా?"

"టక్కు టక్కుమని తగులుకుంటా అట్లే పోతాండాదన్నా. నీళ్ళల్లో పడిన సప్పుడే లేదు."

నరేంద్రగారికి కోపం వచ్చింది. "ఏమ్మా, గవర్మెంటు మిషన్ను నమ్మవా, రాయిని నమ్ముతావా?"

"మిషను ఏం చెప్పిందో నాకు తెలీలేదన్నా" అనింది చంద్రిక.

నలభై అడుగుల దూరంలో ఓబన్న అనే ముసలి రైతు పొలం. అందులో కూడా ఒక బోరుంది. ఆరేళ్ళ కిందట నరేంద్రగారు ఆరొందల అడుగులు వేయించారని పోటీకి ఓబన్న తొమ్మిదొందలు దించాడు. పొడి తప్ప ఏమీ రాలేదు. ఆ రోజు పైపు మీద పెట్టిన బండ ఆ తర్వాత ఎవరూ తీయలేదు. చంద్రిక ఓబన్నను బతిమాలి ఆ బండ తీయించి అందులో కూడా రాయి వేసింది. అక్కడా అదే మాట. ఆ సాయంత్రం నరేంద్రగారి ఇంటికి పోయి, "అన్నా, భూమి వద్దులే, నా అడ్వాన్సు నాకియ్యి" అని అడిగింది.

నరేంద్రగారు చాలా ఓపిగ్గా చెప్పారు. "చూడమ్మా, మొదటి సర్టిఫికెట్టు నీ పేరు మీద తయారయింది. మంత్రిగారే వచ్చి నీ చేతికిస్తాండారు. ఇప్పుడు వద్దంటే అవమానం నాకు గాదు, కమిటీకి. మంత్రిగారి ముందర నీళ్ళు చూపిస్తా. చూసినాక మాట్లాడు."

మంత్రిగారి పర్యటన ఖరారైంది. ఇక బోరు ఒక్కటే మిగిలింది. ఎండిపోయిందని నేననను. రీఛార్జి కావలసిన దశలో ఉంది.

మరునాడు పొద్దున ఎనిమిది గంటలకు ట్యాంకర్లు వచ్చాయి. దొంగచాటుగా కాదు, హారన్లు కొట్టుకుంటూ, ముందర బ్యానరు కట్టుకుని వచ్చాయి. బ్యానరు మీద "భూగర్భ జల రీఛార్జి మహోద్యమం" అని ఉంది. అక్షరాలు నావే. ఆ ట్యాంకర్లు ఊరికి తాగునీళ్ళు తోలేవి. అందుకని బయమ్మతో సహా ఊళ్ళో ఆడవాళ్ళంతా కడవలు తీసుకుని వాటి వెనకాల వచ్చారు. ట్యాంకరు పైపును తీసుకుపోయి బోరులో పెట్టారు. నీళ్ళు గలగలమని లోపలికి పోతుంటే అందరూ చూస్తూ నిలబడ్డారు.

"ఏమప్పా నరేంద్రా, మా కడవల్లో పోస్తే ఏం పోయింది? ఆ బొక్కలో పోస్తాండావు?" అనింది బయమ్మ.

"కడవలో పోస్తే సాయంకాలానికి అయిపోతాది అవ్వా. భూమిలో పోస్తే మీ మనవళ్ళకు గూడా ఉంటాది."

"మనవళ్ళకు ఇప్పుడే దప్పిక ఐతాండాది గదప్పా."

నరేంద్రగారు నవ్వి, చంద్రిక వైపు తిరిగి విడమరిచి చెప్పారు. "సెల్లుఫోను రీఛార్జి చెయ్యకుండ మాట్లాడతావా అమ్మా? భూమి గూడా అంతే."

"ఐతే నెలనెలా చెయ్యాల్నా అన్నా?" అనింది చంద్రిక.

నరేంద్రగారు గబగబా రోడ్డు వైపు నడిచారు. అవతల ఇంకో ట్యాంకరు వచ్చింది.

రెండు రోజుల్లో పధ్నాలుగు ట్యాంకర్లు పోశారు. నరేంద్రగారు వాచీ పట్టుకుని ఒకసారి మోటారు ఆడించి చూశారు. బోరు ఇరవై రెండు నిమిషాలు మూడించుల నీళ్ళు పోసి, ఆ తర్వాత దగ్గింది. మంత్రిగారి కార్యక్రమ పత్రంలో బండమీదపల్లికి కేటాయించిన సమయం ఇరవై నిమిషాలు. ప్రభుత్వానికీ ప్రకృతికీ మధ్య ఇంత సమన్వయం ఇంతకుముందు ఎన్నడూ లేదు.

మంత్రిగారు వచ్చారు. పూలదండలు, డప్పులు, డ్రోను. స్విచ్చి నొక్కగానే పైపు ఒక్క ఉలుకు ఉలికి, తెల్లగా బుసబుసమని నీళ్ళు వదిలింది. నేను విలేకరినే అయినా ఒళ్ళు పులకరించింది. ఎక్కడివో తెలిసినా సరే, మా నేల మీద మూడించుల నీళ్ళు పారుతుంటే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. మంత్రిగారు చెప్పులు విడిచి కాలువలో నిలబడ్డారు. దోసిలితో నీళ్ళు తీసుకుని తల మీద చల్లుకున్నారు. ఆ తర్వాత చుట్టూ ఉన్న గుట్టల్ని చూశారు, రోడ్డును చూశారు, పైపును చూశారు.

"నరేంద్రా."

"సార్!"

"ఇంత వాటర్ పెట్టుకుని ఈ ల్యాండ్ ఎవరికో అమ్ముతున్నావా?"

"ప్రజాసేవ సార్."

"నేను మాత్రం ప్రజను కాదా? ఎప్పటినుంచో ఒక ఫార్మ్ హౌస్ అనుకుంటున్నా. ఇది నాకు పెట్టు. రేటు సంగతి తర్వాత మాట్లాడుకుందాం."

నరేంద్రగారి మొహంలో రంగు మారింది. "సార్… ఆ నీళ్ళు…"

"ఆ నీళ్ళు?"

నరేంద్రగారు వాచీ చూసుకున్నారు. పదిహేడో నిమిషం. "చానా తియ్యగుంటాయి సార్" అన్నారు.

అలా మొదటి సర్టిఫికెట్‌ను మంత్రిగారు తనే కుడిచేత్తో ఇచ్చి, తనే ఎడమచేత్తో తీసుకున్నారు. ఇచ్చిన చేయీ పుచ్చుకున్న చేయీ ఒకే ఫొటోలో ఇంత చక్కగా కుదరడం అరుదు. మా జిల్లా పేజీలో మూడు కాలమ్‌ల వార్త వేశారు.

ఇంత జరుగుతుంటే చంద్రిక అక్కడ లేదు. పక్క పొలంలోకి చూస్తే, ఓబన్నా ఆమే ఎండిన బోరు మీది బండ పక్కకు జరిపి, పైపుకు చెవులు ఆనించి కూర్చుని ఉన్నారు. మంత్రిగారు మాట్లాడుతుండగా ఇంకెక్కడికో చెవి ఒగ్గడం నాకేం నచ్చలేదు. కానీ పాపం, చేతికొచ్చిన భూమి పోయిన మనిషి, ఏమంటాం? ఆమె వచ్చి అడిగితే నరేంద్రగారు మంత్రిగారి ముందర కాదనలేక అడ్వాన్సు తిరిగి ఆమె చేతిలో పెట్టినప్పుడు ఆమె నవ్వుతూ ఉంది. దెబ్బకు మతి చలించిందేమో అనుకుని చాలా బాధపడ్డాను.

ఆ తర్వాత ఏడెనిమిది నెలలు నరేంద్రగారు చేసిన సేవ గురించి చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు. మంత్రిగారు చుట్టూ పదడుగుల గోడ కట్టించారు. లోపల పచ్చిక పరిపించారు, కోనసీమ నుంచి కొబ్బరి మొక్కలు తెప్పించారు, మధ్యలో ఫౌంటెను పెట్టించారు. రెండు వారాలకొకసారి స్నేహితులతో వచ్చి, మొదట చేసే పని మోటారు ఆన్ చేయడం. "నా నీళ్ళు చూడండి" అంటారు. నీళ్ళు రావాలి. రాకపోతే కమిటీ సంగతి అటుంచి, నరేంద్రగారే ఉండరు.

అందుకని దినమూ ట్యాంకర్లు. ఒకరోజు నా అంగట్లో కూలబడి, టీ కూడా తాగకుండా, మొట్టమొదటిసారి మామూలు మనిషిలాగా మాట్లాడారు.

"పోసింది పోసినట్ల నిలిస్తే గదప్పా! పొద్దున పది ట్యాంకర్లు పోస్తే మధ్యాన్నానికి అడుగుకు పోతాండాది. యాడికి పోతాండాదో దేవునికే తెలియాల. ముప్పై ఏండ్లు పార్టీ జెండా మోసినా, ఇంత బరువు మోయలేదు."

"రేటు సంగతి మాట్లాడినారా అన్నా?"

"తర్వాత మాట్లాడదామన్యాడు గదా. తర్వాత ఇంగా రాలేదు."

మనిషి సగమైపోయారు. ఆ బాధలోంచే ఆయనకు గొప్ప ఆలోచన పుట్టింది. జలపాతం బొమ్మ కింద నేనే టైపు చేశాను: బండమీదపల్లి పరిసరాల్లో భూగర్భ జలాలను శాశ్వతంగా కాపాడటానికి, ఇరవై రెండు కిలోమీటర్ల అవతల ఉన్న రిజర్వాయరు నుంచి పైపులైను వేసి, ఆ నీళ్ళను బోరులోకి వదలవలెనని ప్రార్థన. మా ఊరి బడికి మరుగుదొడ్డి కోసం పంపిన అర్జీకి పదకొండేళ్ళు నిండాయి. దీనికి తొమ్మిది రోజుల్లో మంజూరు వచ్చింది.

పైపుల కోసం కాలువ తవ్వుకుంటూ బండమీదపల్లి మీదుగా పోతుంటే బయమ్మ ఇంజనీరును ఆపింది.

"నాయనా, మా వీధిలో ఒక కొళాయి పెట్టిపోండి."

"ఇది తాగునీటి స్కీము కాదవ్వా. భూగర్భ జలాల స్కీము. నీళ్ళను భూమిలోకి వదుల్తాం. భూమిలోంచి మీరు తోడుకోవచ్చు" అన్నాడు ఇంజనీరు. కుర్రవాడైనా రూల్సు బాగా తెలిసినవాడు.

ప్రారంభోత్సవం రోజు దృశ్యం కళ్ళారా చూడాల్సిందే గాని చెప్పలేం. మంత్రిగారు వాల్వు తిప్పగానే పైపులోంచి నీళ్ళు బోరులోకి దూకాయి. వెంటనే మోటారు స్విచ్చి నొక్కారు. అవే నీళ్ళు బోరులోంచి పైకి వచ్చాయి. అందరూ చప్పట్లు కొట్టారు. పైపును నేరుగా ఫౌంటెనుకే తగిలిస్తే సరిపోయేది కదా అని జనంలో ఎవడో అన్నాడు. ఇలాంటివాళ్ళ వల్లే దేశం వెనకబడింది. నేరుగా తగిలిస్తే అది కొళాయి నీళ్ళవుతుంది, భూగర్భ జలం ఎలా అవుతుంది?

నెల తిరక్కముందే ఒక పొద్దున చంద్రిక నా అంగడి ముందర ప్రత్యక్షమైంది. ఒళ్ళు నల్లబడింది, వేళ్ళ సందుల్లో మట్టి. చేతిలో రిజిస్ట్రేషన్ కాగితాలు.

"రెండు సెట్లు తియ్యన్నా."

కాగితం చూశాను. ఓబన్న భూమి! రెండున్నర ఎకరాలు, బోరుతో సహా. నాకు నిజంగానే కోపమొచ్చింది.

"నీకు బుద్ధుందా అమ్మా? కమిటీ సర్టిఫికెట్ లేదు, జియాలజీ రిపోర్టు లేదు, కనీసం టెంకాయ కూడా పెట్టలేదు. తొమ్మిదొందల అడుగుల పొడి బోరు అది! ఇల్లమ్మి, మగ్గమమ్మి, పొడి కొంటావా?"

"పొడి లేదన్నా. నీళ్ళుండాయి."

"ఎవరు చెప్పారు?"

"రాయేసి చూసినా గదా. మంత్రిగారు వచ్చిన పొద్దు, ఆ పక్క మోటారు ఆడతాండంగ ఈ పక్క రాయేస్తే బుడుంగుమనింది. అంతకు నాలుగు దినాల ముందర అదే పైపులో సప్పుడు లేదు. ఓబన్న మామ బోరు లోతు గదన్నా. ఆడ పోసేదంతా సందుల్లో జారి దీంట్లోకి దిగుతాండాది. ఏడెనిమిది నెలలు వారం వారం వచ్చి చూసుకున్యా. ట్యాంకర్లు తోలినన్ని దినాలు నీళ్ళు ఉన్యాయి. పైపులైను పడినాక ఇంగా పైకొచ్చినాయి. అప్పుడు కొన్యా."

పేపరువాణ్ణి కాబట్టి వెంటనే, "ఈ సంగతి ఓబన్నకు చెప్పకుండా కొన్నావా?" అని నిలదీశాను.

"చెప్పకుండ ఎట్ల కొంటానన్నా? ఆయప్ప గూడా చెవి పెట్టి విన్యాడు గదా. 'మంత్రిని నమ్ముకోని సేద్యం చేసే వయసు నాకు లేదు తల్లీ, నువ్వు చేసుకో. నాకు మాత్రం దినామూ రెండు కడవలియ్యి' అన్యాడు. కాగితంలో గూడా రాయించినా, చూడు."

చూశాను. నాలుగో పేజీలో ఉంది. అమ్మకందారు బతికినన్నాళ్ళు కొనుగోలుదారు రోజుకు రెండు కడవల మంచినీళ్ళు ఇవ్వవలెను. నా సర్వీసులో ఇన్ని దస్తావేజులు జెరాక్సు తీశాను గాని ఇలాంటి షరతు చూడలేదు.

"మోటారు దించినాము. రెండించులు వస్తాండాది. బయమ్మవ్వోళ్ళు గూడా ఆడనే పట్టుకుంటాండారు. మల్బరీ కడ్డీలు సగం చేను నాటినాము" అనింది చంద్రిక. చెబుతుంటే ఆమె మొహంలో సంతోషం ఉంది. వెంటనే ఆ సంతోషం పోయి, గొంతు తగ్గించింది. "ఒక్కటే అన్నా, దిగులు. నువ్వు పేపరాయప్పవు, నీకు తెలిసుంటాదని అడుగుతాండా. మల్బరీ ఒకసారి నాటితే పదైదేండ్లు ఆకిస్తాది. మంత్రిగారు ఎన్నేండ్లుంటాడన్నా?"

ఎలాంటి ప్రశ్నకైనా నా దగ్గర జవాబుంటుంది. వేళ్ళ మీద లెక్కేశాను. "ఎన్నికలకు ఇంకా రెండేళ్ళుంది" అన్నాను. "ఆ తర్వాత ప్రజల చేతిలో ఉంది." ఈ వాక్యం నేను పేపర్లో కనీసం వందసార్లు రాసి ఉంటాను.

చంద్రిక కొంగు ముడి విప్పి, రెండు ఓటరు కార్డులు తీసి నా ముందర పెట్టింది. ఒకటి ఆమెది, ఒకటి ఆమె మొగుడిది. రెండింటి మీదా ధర్మవరం అడ్రసుంది.

"వీటిని ఈ ఊరికి మార్చుకునే ఫారం ఉంటాదంట గదన్నా. రెండియ్యి."

ఫారం ఎనిమిది. రెండు కాపీలు తీసి ఇచ్చాను. ఆమె నా దగ్గర పెన్ను అడిగి తీసుకుని, అక్కడే బల్ల మీద వంగి, తెగిన పోగు ముడివేసేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉంటారో అంత జాగ్రత్తగా, ఒక్కో గడీ నింపుతూ కూర్చుంది.